మొగం అట్లే పెట్టు!

ప్రొద్దుటూరులో ఎవరికైనా కోపం వస్తే ముందు అటూ ఇటూ చూసుకుంటారు, దగ్గర్లో అలీ అహ్మద్ ఉన్నాడేమోనని. ఉంటే ఆ కోపాన్ని దిగమింగి ఇంటికి తీసుకుపోయి అక్కడ తీర్చుకుంటారు. ఆయనేమీ వస్తాదు కాడు, పోలీసూ కాడు. మైదుకూరు రోడ్డులో ఫ్లెక్సీల అంగడి నడుపుకునే బక్కపలచని మనిషి. కానీ ఎదుటివాడి మొహంలో కొత్త సంగతి ఏదైనా కనిపించిందంటే చాలు, అది పెళ్లి కానీ, పంచాయితీ కానీ, చెయ్యెత్తి ఒక్క కేక పెడతాడు.

"మొగం అట్లే పెట్టు! కదలొద్దు!"

అంతే. జేబులోంచి ఫోను తీస్తాడు, చూపుడువేలితో దాని మీద గీస్తాడు, రంగేస్తాడు, స్టిక్కరు చేసి వదులుతాడు. పొద్దున అలిగిన మొహం సాయంత్రానికి ఊరందరి వాట్సాప్‌లో తిరుగుతుంటుంది.

ఫోన్లలో ముందే ఉండే ఆ పసుపు మొహాలంటే ఆయనకు ఒళ్లు మంట. వాటిని మొదటిసారి చూసిన రోజే వంటింట్లో ఉన్న భార్యను కేకేసి పిలిచాడు.

"మే మైమూన్, ఈ గుండ్రాలు ఎవురివే?"

"ఎవురివైతే మనకేంది? నవ్వొస్తే నవ్వే బొమ్మ, ఏడుపొస్తే ఏడ్చే బొమ్మ. నొక్కితే పోతాది."

"అందరికీ కామెర్లు వచ్చినట్టుండాయి గదే. చెవుల్లేవు, మెడల్లేవు. కరెంటు పోయినప్పుడు మనం పెట్టే మొగం యాడుంది ఇందులో? పెండ్లికి పిలవలేదని అలిగినోళ్ల మొగం యాడుంది? సంగటి సల్లారిపోతాంది, బిరీన రారా అని పిల్చే మొగం?"

"దానికి బొమ్మెందుకు? నోరుంది గదా పిల్చేదానికి," అంది మైమూన్, గరిటె తిప్పుతూ.

ఆయన ఆమె గరిటె తిప్పే తీరును, ఆ మూతి విరుపును తదేకంగా చూశాడు. చెయ్యి లేచింది. ఆ చెయ్యి ఎందుకు లేచిందో తెలిసిన మైమూన్ వెంటనే కొంగు మొహం మీదికి లాక్కుంది. ఊళ్లో అందరి మొహాలూ గీసిన మనిషికి సొంత పెళ్లాం మొహం మాత్రం దొరకలేదు. "ఊరోళ్లందరి ఫోన్లలో నేను తిరగాల్నా? నీకేమన్నా సిగ్గుందా?" అనేది ఆమె మాట. కాపురం మొదలైనప్పటి నుంచీ, ఆయన ఇంకా గోడల మీద గీసే రోజుల నుంచీ, ఆ కొంగు అలా కాపలా కాస్తూనే ఉంది.

అలీ అహ్మద్ ఒకప్పుడు బ్రష్షుతో బోర్డులు రాసేవాడు. కిరాణా అంగడి నుంచి కంటి ఆసుపత్రి దాకా ఆయన గీయని గోడ లేదు. ఫ్లెక్సీలు వచ్చాక బ్రష్షులు అటక ఎక్కాయి. పనంతా కంప్యూటరు ముందు కూర్చుని, పుట్టినరోజు నాయకుల బుగ్గల మీద మచ్చలు చెరపడమే అయింది. "ఫ్లెక్సీలో మొగం ఉంటాది గానీ మనిషి ఉండడు," అని వాపోయేవాడు. వేలితో గీసే ఈ స్టిక్కర్లు దొరికాక మళ్లీ ప్రాణం లేచొచ్చింది. అప్పటి నుంచి ఊరి ప్రాణం పోతోంది.

ముందుగా బలైపోయింది బంగారు అంగడి నాగభూషణం శెట్టి. ఒకావిడ వచ్చి హారాలన్నీ కిందికి దింపించి, ఒక్కొక్కటే మెడలో వేసుకుని అద్దంలో చూసుకుని, చివరికి "మా ఆయన్ను తోడుకోని వస్తాలే," అని లేచింది. ఇక రాదని శెట్టికి తెలుసు. తెలిసినా నవ్వి సాగనంపాలి. పై పెదవి నవ్వింది, కింది పెదవి ఒప్పుకోలేదు. అదే అంగట్లో ఫ్లెక్సీ కొలతలు తీసుకుంటున్న అలీ అహ్మద్ టేపు కింద పడేశాడు.

"శెట్టీ! మొగం అట్లే పెట్టు!"

ఆ మొహం ఎంత ఆడిందంటే, చీరల అంగళ్లలో, కూరగాయల మార్కెట్లో, చివరికి పెళ్లిచూపులు చూసి ఏ సంగతీ చెప్పకుండా పోయినవాళ్ల మీద కూడా అదే స్టిక్కరు పంపడం మొదలుపెట్టారు. నాగభూషణానికి సంగతి తెలిసి మండిపోతూ ఫ్లెక్సీ అంగడికి వచ్చాడు.

"ఏమప్పా అలీ అహ్మద్, నా మొగం ఏమన్నా ఊరుమ్మడి సొత్తా?"

"శెట్టీ, శెట్టీ! ఇది దానికంటే బాగుంది. కదలొద్దు!"

కోపంతో వచ్చినవాడు కదలకుండా నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో ఆయనకే తెలియదు. ఆ కేకలో అలాంటిదేదో ఉంది. ఈ మధ్య దసరాకు ఖాతాదారులందరికీ శుభాకాంక్షలతో పాటు ఆ మొదటి స్టిక్కరును శెట్టి తానే పంపుకున్నాడు.

పులివెందుల బస్టాండులో జరిగింది ఇంకా తమాషా. సింహాద్రిపురంలో అక్కను చూసి వస్తూ అలీ అహ్మద్ అక్కడ బస్సు మారాడు. కిటికీలోంచి తువ్వాలు వేసినవాడొకడు, తలుపులోంచి ఎక్కి జేబురుమాలు వేసినవాడొకడు, ఒకే సీటు కోసం చొక్కాలు పట్టుకున్నారు. కండక్టరు పక్కకు తప్పుకున్నాడు. అలీ అహ్మద్ ఇద్దరి మధ్యలో దూరాడు.

"ఇద్దరూ మొగాలు అట్లే పెట్టండి! అన్నా, నువ్వు ఇందాక పండ్లు కొరికినావే, అట్ల ఇంగోసారి కొరుకు."

"ఎందుకప్పా?"

"కొరుకు జెప్తా."

కొరికాడు. రెండోవాడు గుడ్లు ఉరిమిన చోటనే ఆపి నిలబడ్డాడు. బొమ్మ పూర్తయ్యేదాకా కోపాన్ని అలా మొహం మీద నిలబెట్టడం ఎంత కష్టమో వాళ్లకు అప్పుడే తెలిసొచ్చింది. బుగ్గలు లాగాయి, కళ్లు నీళ్లు కారాయి. "చూపీ, చూపీ, నాదెట్ల వచ్చిందో," అని ఇద్దరూ ఫోను మీద తలలు వాల్చే సరికి ఒక ముసలామె వచ్చి తువ్వాలూ జేబురుమాలూ మడిచి పక్కన పెట్టి ఆ సీట్లో కూర్చుంది. జమ్మలమడుగు రోడ్డు వచ్చేదాకా వాళ్లిద్దరూ నిలబడే ప్రయాణం చేశారు, ఒకరి స్టిక్కరు ఒకరికి పంపుకుంటూ.

తన మొహాన్ని కూడా ఆయన వదల్లేదు. ఒకసారి పన్ను నొప్పితో దవడ బూరె అయింది. మైమూన్ ఆటో పిలిచి గుమ్మంలో నిలబడింది. ఈయన అద్దం ముందు కూర్చుని గీసుకుంటున్నాడు.

"డాక్టరు లేచి పోతాడయ్యా, రా!"

"ఉండే. నొప్పి పోతే మొగం పోతాది. మళ్లీ యాడ దొరుకుతాది?"

వినేవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వుతారు. నవ్వలేనిది మైమూన్ ఒక్కతే. ఆమె బాధ వేరు. కూతురు ఆర్షియా పెళ్లీడుకొచ్చింది. మొహాలు చూసి మాట్లాడుకోవలసిన చోటికి ఈ మనిషిని ఎలా తీసుకుపోవాలి? సంబంధం వాళ్లు మూతి ముడిచారంటే ఎవరైనా బతిమాలుకుంటారు. ఈయన గీసుకుంటాడు.

సంబంధం రానే వచ్చింది, జమ్మలమడుగు నుంచి. అబ్బాయి ఇమ్తియాజ్ కువైట్‌లో ఏసీ మెకానిక్కు. తండ్రి లేడు. తల్లి ఖాతూన్‌బీ, మరిది కరీముల్లా ఇంట్లో ఉంటోంది. ఆర్షియా, ఇమ్తియాజ్ వీడియోలో మాట్లాడుకున్నారు. ఆ రోజు నుంచి ఆర్షియా ఫోను మోగితే ఇంట్లో ఎక్కడున్నా పరుగెత్తుకొస్తోంది. ఆ పరుగు చూసి మైమూన్ మనసులో గట్టిగా అనుకుంది, ఈ సంబంధం ఎట్లాగైనా కుదరాలని.

వాళ్లు వచ్చే రోజు పొద్దున్నే మైమూన్ భర్త ఫోను తీసుకుని బియ్యం డబ్బాలో దాచింది.

"ఈ పొద్దు ఎవురి మొగం చూసి అరిసినా నేను మా పుట్టింటికి పోతా."

"అరవనే."

"చెయ్యి ఎత్తగూడదు."

"ఎత్తనే."

"అసలు తలే ఎత్తొద్దు."

అలీ అహ్మద్ అరచేతులు తొడల కింద పెట్టుకుని, చాపను చూస్తూ కూర్చున్నాడు. మాటలన్నీ కరీముల్లావే. మనిషి మంచివాడు, గొంతుకు మాత్రం అడ్డూ అదుపూ లేదు. కువైట్ ఎండల నుంచి ప్రొద్దుటూరు కారందోశ దాకా అన్నీ ఆయనే చెప్పి ఆయనే నవ్వాడు. ఖాతూన్‌బీ మాత్రం కనుబొమ్మలు ముడుచుకుని, పెదవులు బిగించి కూర్చుంది. ఆర్షియా తల వంచి సన్నగా సలాం చెబితే ఇంకా గట్టిగా ముడుచుకుంది. మైమూన్ టీ గ్లాసు పట్టుకుని గబగబా ఆమె దగ్గరికి పోయింది.

"పిల్ల నచ్చిందా వదినా?" అని అడిగింది, టీ గ్లాసు అందిస్తూ, గుమ్మం వైపు చూసి ఆర్షియాను పొమ్మని సైగ చేస్తూ.

ఖాతూన్‌బీ టీ ఒక గుక్క తాగి, "ఆ, చక్కెర సరిపోయింది," అంది.

మైమూన్‌కు మొహం మాడిపోయింది. ఎంత ఎగతాళి! పిల్లను అడిగితే చక్కెర అంటుందా! కరీముల్లా కల్పించుకుని, "మా వదినెది కొంచెం గట్టి స్వభావం లే చెల్లెమ్మా. మనసులో ఏముండదు," అని సర్దాడు. అప్పుడు అలీ అహ్మద్ తల ఎత్తాడు. మైమూన్ కళ్లెర్రజేసింది. ఆయన మళ్లీ చాపను చూశాడు, కానీ ముందులా కాదు. ఏదో ఆలోచిస్తున్నాడు.

ఏమైతేనేం, కరీముల్లా సంబంధం ఖాయం చేశాడు. నికా పనుల కోసం వాట్సాప్‌లో గ్రూపు పెట్టారు. ఆ ఇళ్లల్లో ఎవరికీ టైపు చేసే ఓపిక లేదు, అన్నీ వాయిస్‌లే. కరీముల్లా వాయిస్ పెట్టాడంటే మైమూన్ ఫోను గూట్లో పెట్టి అన్నం వార్చుకునేది, పప్పు ఎనుపుకునేది, తిరగమోత కూడా అయ్యేది, ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉండేవాడు. మైమూన్ కూడా తక్కువ తినలేదు. బిర్యానీ ఎవరు వండాలి, ఇమ్తియాజ్ సెలవు ఎప్పుడు, నికా బక్రీదుకు ముందా వెనకా, అన్నీ అలా వాయిస్‌ల మీదే నడుస్తున్నాయి.

ఆ రోజుల్లోనే అలీ అహ్మద్ మాటిమాటికీ జమ్మలమడుగు బస్సెక్కడం మొదలుపెట్టాడు. అడిగితే "ఫ్లెక్సీ కట్టాల" అంటాడు. చేతిలో ఫ్లెక్సీ ఉండదు. ఒకసారి మైమూన్ చేత శెనక్కాయల చిక్కీ కట్టించుకుని మరీ పోయాడు.

"ఫ్లెక్సీకి చిక్కీ ఎందుకయ్యా?"

"గోడకు అతికించేదానికిలే," అని నవ్వి వెళ్లిపోయాడు.

తర్వాత ఒక మధ్యాహ్నం గ్రూపులో టింగుమంది. మైమూన్ చూసి నిలువునా చల్లబడిపోయింది. స్టిక్కరు. ఖాతూన్‌బీ మొహం. ముడిచిన కనుబొమ్మలు, బిగించిన పెదవులు, పైకెత్తిన గడ్డం, ముందుకు తిప్పిన అరచెయ్యి. గీసింది ఎవరో ఆమెకు చెప్పనక్కర్లేదు. ముక్కు దగ్గర అంత లావుగా గీత లాగేది ఈ జిల్లాలో ఒక్కడే. పంపింది మాత్రం ఖాతూన్‌బీ నంబరు.

మైమూన్‌కు అంతా అర్థమైపోయింది. ఈ మహానుభావుడు వియ్యపురాలి మొహాన్ని రాకాసిలా గీసి ఊరి మీదికి వదిలాడు. అది తిరిగి తిరిగి ఆమె దగ్గరికే చేరింది. ఆమె దాన్ని తెచ్చి గ్రూపులో మొహాన కొట్టింది. ఇంకేముంది?

గ్రూపు మూగబోయింది. కరీముల్లా అంతటివాడు ఒక్క వాయిస్ పెట్టలేదు. ఇమ్తియాజ్ కువైట్ నుంచి ఆర్షియాకు ఒకే ముక్క పంపాడు, "మా అమ్మకు కోపమొచ్చినట్టుంది, చిన్నాన్నను అడుగుతా," అని. ఆర్షియా పళ్లెం ముందు కూర్చుని అన్నం కెలుకుతోంది. ఫోను మోగినా లేవడం లేదు. మైమూన్ భర్తను వసారాలో పట్టుకుంది.

"నువ్వు గీసినావా లేదా?"

"గీసినా."

"ఎందుకు గీసినావు? లోకంలో మొగాలు అయిపోయినాయా?"

"అది చెప్పగూడదే. మాట ఇచ్చినా."

"ఎవురికిచ్చినావు మాట? కూతురు కూడు తినడం ల్యా, నీకు మాటా?"

అలీ అహ్మద్ గొంతు తగ్గించాడు. "మైమూన్, అది కోపం మొగం గాదే. ఆమెకు జవాబియ్యి."

"కోపం గాకపోతే ముద్దొచ్చి పంపిందా? ఏమని ఇయ్యాల జవాబు?"

ఆయన నోరు తెరిచాడు, మళ్లీ మూసుకున్నాడు. ఎవరేమన్నా నవ్వుతూ ఉండే మనిషి అలా నోరు కట్టేసుకుని తిట్లు తినడం ఆమె ఎప్పుడూ చూడలేదు. చూసినా జాలి పడే స్థితిలో లేదు. నేను పోయి కాళ్లు పట్టుకోనైనా సరే ఈ సంబంధం నిలబెడతానని, మిఠాయి పెట్టె కట్టించి భర్తను వెంటబెట్టుకుని జమ్మలమడుగు బయల్దేరింది. బస్సులో దారంతా క్షమాపణ మాటలు లోపల వల్లె వేసుకుంది. పక్కన ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

గుమ్మంలోనే కరీముల్లా ఎదురొచ్చాడు. ఆయన మొహం కూడా ఎండిపోయి ఉంది.

"చెల్లెమ్మా, నేనే మీ ఇంటికి రావాలనుకుంటాండా. ఏ మొగం పెట్టుకోని రావాల? మా వదినె అట్ల కోపం బొమ్మ పెట్టేసరికి మీకు ఎంత కష్టమనిపించిందో!"

"అయ్యో, తప్పు మాది అన్నా! మా ఆయన గీయకపోతే ఇంత దూరం..."

"పిల్ల నచ్చలేదంటే ముందే చెప్పాల గదా ఆమె. ఆ పొద్దు బెల్లం కొట్టిన రాయి మాదిరి కూర్చుండె."

"ఆమె తప్పేం లేదు, ఈ మనిషికి బుద్ధి లేదు..."

కరీముల్లా గొంతు మిద్దె ఎక్కింది. మైమూన్ కొంగులో మొహం దాచుకుని ఏడుస్తూ మాట్లాడుతోంది. కరీముల్లా భార్య లోపల్నుంచి ఇంకేదో అంటోంది. మంచం మీద కూర్చున్న ఖాతూన్‌బీ వీళ్లను మార్చి మార్చి చూస్తోంది. అలీ అహ్మద్ చెప్పుల దగ్గరే నిలబడ్డాడు.

అప్పుడు అందరి ఫోన్లూ ఒక్కసారి టింగుమన్నాయి. కరీముల్లా జేబులో ఒకటి, మైమూన్ సంచిలో ఒకటి. అదే స్టిక్కరు. మైమూన్ ఫోను చూసింది, తల ఎత్తింది. ఎదురుగా మంచం మీద అదే మొహం. ముడిచిన కనుబొమ్మలు, ఎత్తిన గడ్డం, ముందుకు తిప్పిన అరచెయ్యి.

కోపమొచ్చిన చెయ్యి అలా తిరగదు. మైమూన్ ఆ చెయ్యి ఎన్నిసార్లు చూడలేదు! వీధిలో జనం గుమిగూడితే వెనక నిలబడ్డవాళ్లు గడ్డం ఎత్తి, చెయ్యి తిప్పి అడుగుతారు. ఏంది? ఏమైంది? నాకూ చెప్పండప్పా.

మైమూన్ కొంగు తీసేసి మంచం దగ్గరికి పోయి, ఆమె ఎదురుగా మొహం పెట్టింది.

"నీకు వినపడదా వదినా?"

ఖాతూన్‌బీ ఆమె పెదవుల వైపు చూసింది. తర్వాత సర్రున అలీ అహ్మద్ వైపు తిరిగింది. "చెప్పేసినావా అన్నా? మాటిచ్చినావే!"

అలీ అహ్మద్ రెండు చేతులూ ఎత్తాడు. ఆమెకు కనబడేలా ముందుకొచ్చి, నిదానంగా చెప్పాడు. "నేను నోరు తెరవలేదు చెల్లెమ్మా. నీ మొగమే చెప్పింది."

ఖాతూన్‌బీ బిగించిన పెదవులు వదులయ్యాయి. "చెవిటి అత్త ఉండాదంటే పిల్లనిస్తారా ఎవురన్నా? నా బిడ్డ పెండ్లి నా వల్ల చెడిపోతాదని భయపడితి. చదువా రాదు. మీరంతా ఫోన్లో ఏందేందో పెడతాండారు. నొక్కితే నీలం గీతలు పోతాంటాయి, అంతే. నా కొడుకు పెండ్లి ఎప్పుడని అడగాలనిపించింది. అడిగితి. ఎవురూ పలకరైతిరి."

కరీముల్లా గోడకు చేరగిలబడ్డాడు. "వదినా, అయితే నేను పెట్టిన వాయిస్‌లన్నీ...?"

ఆమెకు అది అందలేదు. అలీ అహ్మద్ అందుకున్నాడు. "గ్రూపులో తప్పించుకున్నది ఆమె ఒక్కతేలే బావా."

ఆ మాటకు ముందు కరీముల్లాయే పగలబడి నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. "ఒకే ఇంట్లో ఉండి నాకు తెలీలేదే! మా అన్న పొయ్యినాక ఆమెకు విసుగెక్కువైందనుకుంటిమి. నువ్వు వచ్చిపోతాంటే పెండ్లి పనులకనుకుంటి. నీకెట్ల తెలిసింది బావా?"

"ఆ పొద్దు తల ఎత్తొద్దని మా ఆడమనిషి ఒట్టేయించింది గానీ, ఒకసారి ఎత్తితి. కోపమొచ్చినోళ్లు కండ్లల్లోకి చూస్తారు. ఈమె అందరి నోర్ల దిక్కు చూస్తాండె. మీరంతా నవ్వితే, ఎందుకో తెలీక ఇంగా గట్టిగా కనుబొమ్మలు ముడుస్తాండె. ఇంగ నాకు నిద్ర పడితేనా?"

మైమూన్‌కు భర్త మొహం చూడాలంటే సిగ్గేసింది, గర్వమూ అనిపించింది. ఈ రెండూ ఒకేసారి వస్తే ఏ మొహం పెట్టాలో తెలియక ఖాతూన్‌బీ ఫోను చేతిలోకి తీసుకుంది. నిండా స్టిక్కర్లు. అన్నీ ఆమె మొహాలే. టీ చాలు అనే మొహం, మోకాలు నొప్పి మొహం, కొడుకు ఫోను చేసినాడా అనే మొహం, కరీముల్లాను చూసి ఇంక చాలించప్పా అనే మొహం. కోపిష్టి అని అందరూ పక్కకు పెట్టిన ఆ మొహంలో ఇన్ని మాటలున్నాయా అనిపించింది.

"ఈమెకు నేను జవాబు చెప్పాల," అంది మైమూన్. "అందరూ చూసేట్టు గ్రూపులోనే చెప్పాల. నికా ఎప్పుడో నువ్వే చెప్పు వదినా, మా పిల్ల నీ పిల్లే, నీ చెవులు మాకేం అడ్డం గాదు అని. దానికి బొమ్మ ఉండాదా నీ దగ్గర?"

అలీ అహ్మద్ ఫోను అటూ ఇటూ జరిపి చూశాడు. శెట్టి మొహం ఉంది. పండ్లు కొరికే మొహం ఉంది. పన్ను నొప్పి ఉంది. ఊరంతా ఉంది గానీ, బిడ్డను ఒప్పగిస్తూ ఇంకో తల్లికి భయం పోగొట్టే మొహం అందులో లేదు.

"లేదే," అన్నాడు. అని తల ఎత్తాడు. ఆయన కళ్లు మైమూన్ మీద నిలిచిపోయాయి. చెయ్యి మెల్లగా లేచింది. ఈసారి కేక లేదు, బతిమాలుకుంటున్నట్టు చిన్నగా అన్నాడు.

"మొగం అట్లే పెట్టు మైమూన్. కదలొద్దు."

అలవాటుగా ఆమె చెయ్యి కొంగు మీదికి పోయింది. సగం దాకా లాగింది. మంచం మీద ఖాతూన్‌బీ జవాబు కోసం చూస్తోంది. మైమూన్ కొంగు వదిలేసింది. వదిలేసి, ఖాతూన్‌బీ వైపే చూస్తూ, కదలకుండా కూర్చుంది. బుగ్గ మీద ఈగ వాలినా తోలుకోలేదు. టీలు చల్లారిపోయాయి. కరీముల్లా జీవితంలో మొదటిసారి అంతసేపు మాట్లాడకుండా ఉన్నాడు.

ఫోన్లు టింగుమన్నాయి.

ఖాతూన్‌బీ ఫోనును ముందు కళ్లకు దూరంగా, తర్వాత దగ్గరగా పెట్టుకుని చూసింది. బొమ్మను చూసింది, మైమూన్‌ను చూసింది. ఎవరూ చెప్పకుండానే ఆమెకు మొత్తం అర్థమైంది. వేలితో తన స్టిక్కర్లన్నీ జరుపుకుంటూ పోయి, అట్టడుగున ఉన్నదొకటి నొక్కింది.

గ్రూపులో ఖాతూన్‌బీ నవ్వింది. ఆకు నమిలి ఎర్రబడ్డ పళ్లన్నీ కనబడేలా, కళ్లు మూసుకుపోయేలా నవ్వుతున్న బొమ్మ. కరీముల్లా నోరెళ్లబెట్టాడు. కువైట్ నుంచి ఇమ్తియాజ్ వెంటనే వాయిస్ పెట్టాడు, "మా అమ్మ నవ్వుతాందా? ఈ బొమ్మ యాడిది? మా అమ్మేనా?" అని.

"ఇదెప్పుడు పట్టినావయ్యా?" అంది మైమూన్, ఆశ్చర్యపోతూ. "ఆమె నవ్వడం ఎవురూ చూడలేదంటాండారే."

"మరి ఇన్ని బస్సులు ఎందుకెక్కినా అనుకుంటివి?" అన్నాడు అలీ అహ్మద్. "ఏడుపుకు, నొప్పికి బొమ్మలు చేసిచ్చినా. ఆమె దగ్గర నవ్వే బొమ్మ ఒకటి లేకపోతే ఎట్ల? నవ్విందాకా వస్తాంటి. చివరికి నీ చిక్కీ తిని, అది పండ్లకు అతుక్కోని నా నోరు తెరుసుకోలేదు. అప్పుడు నవ్వింది."

నికా తేదీ ఆ సాయంత్రం ఖాతూన్‌బీ చెప్పింది, బక్రీదు తర్వాత అని. అందరూ నోళ్లు ఆమె వైపు తిప్పి, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. కరీముల్లా మాత్రం రెండుసార్లు మర్చిపోయి గోడ వైపు తిరిగి మాట్లాడితే మైమూన్ ఆయన గడ్డం పట్టుకుని ఇటు తిప్పింది.

తిరుగు బస్సులో మైమూన్ ఫోను తీసింది. ఆర్షియా అప్పటికే అమ్మ బొమ్మను అందరికీ పంపింది. మేనమామలకు, స్నేహితురాళ్లకు, ఫ్లెక్సీ అంగట్లో పనివాళ్లకు. నాగభూషణం శెట్టి నుంచి "చెల్లెమ్మా, నువ్వు గూడా మాలో చేరినావా!" అని వాయిస్ కూడా వచ్చింది. ఇన్నేళ్లు కొంగు కింద దాచుకున్న మొహం ఆమె ఊళ్లో బస్సు దిగకముందే ఊరంతా చేరిపోయింది. మైమూన్ బొమ్మను వేళ్లతో పెద్దది చేసి చూసింది. ఇంకా పెద్దది చేసింది. కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"ఏమయ్యా, నా ముక్కు ఇంత లావా?"

అలీ అహ్మద్ ఆమె వైపు తిరిగాడు. కళ్లు మెరిశాయి. చెయ్యి లేవబోయి, భయపడి, మళ్లీ తొడ కిందికి పోయింది.

మైమూన్ కొంగు సర్దుకుంది, కానీ మొహం మీదికి కాదు, భుజం మీదికి. ముడిచిన కనుబొమ్మలు ముడిచినట్టే ఉంచి, కిటికీ వైపు కొంచెం వెలుతురులోకి జరిగింది.

"అట్లే పెట్టినాలే," అంది, పెదవులు కదలకుండా. "బిరీన గియ్యి. ఊరొస్తాంది."